పుచ్చతోటలో ఒక కెప్టెన్, బాట కింద ఇంకో కెప్టెన్: హిందూ మహాసముద్రపు దొంగల సమాధులు

మడగాస్కర్ తూర్పు తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఒక సన్నటి, పొడవాటి దీవి ఉంది. ఫ్రెంచివాళ్లు దాన్ని సాంత్ మారీ అంటారు, స్థానికులు నోసీ బొరాహా అంటారు. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా పదికి మించదు. ముఖ్య పట్టణం అంబోడిఫోటాట్రా పక్కనున్న అఖాతానికి ఇప్పటికీ దొంగల అఖాతం అనే పేరు. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో ఆ అఖాతం అంచున నడిచి వెళ్తే ఒక గుట్ట మీద కొన్ని పాత సమాధులు కనిపిస్తాయి. నాచు పట్టి, పగిలి, కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. టూరిస్టులకు దీన్ని 'సముద్రపు దొంగల శ్మశానం' అని చూపిస్తారు.

రాళ్ల మీది అక్షరాలు చదివితే మాత్రం ఆ పేరు నిలవడం కష్టం. చదవడానికి వీలైన తేదీల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దానివి. అందరూ ఫొటో తీసుకునే రాయి ఒకటుంది. దాని మీద పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు చెక్కి ఉంటాయి. అది లెషార్టియే అనే ఫ్రెంచివాడిది, అతను చనిపోయింది 1834లో. ఈ సముద్రంలో ఐరోపా దొంగల జోరు 1690 ప్రాంతంలో మొదలై 1720ల మధ్యకల్లా అయిపోయింది. అంటే ఈ 'దొంగ' దొంగతనం చేయాల్సిన కాలానికి నూరేళ్ల తర్వాత పోయాడు. 1821లో సిల్వేన్ రూ అనే అధికారి వెంట లా నార్మాండ్ అనే ఓడలో ఒక ఫ్రెంచి బృందం ఈ దీవిలో వలస స్థాపించడానికి దిగింది. వచ్చినవాళ్లను జ్వరాలు వరసగా తీసుకుపోయాయి, రూ కూడా రెండేళ్లకే పోయాడు. గుట్ట మీద పేర్లతో ఉన్న రాళ్లు ఎక్కువగా ఆ కాలపు వలసదారులు, నావికులు, ఉద్యోగులవి.

అదే గుట్ట మీద నల్లగా, పెద్దగా ఉండే ఒక సమాధిని చూపించి, పేరుమోసిన సముద్రపు దొంగ కెప్టెన్ విలియం కిడ్‌ను ఇందులో కూర్చోబెట్టి పాతిపెట్టారని చెప్పే కథ ఒకటుంది. చేసిన పాపాలకు పడుకునే యోగ్యత కూడా లేకుండా పోయిందట. కథ బాగానే ఉంది. కానీ కిడ్‌ను లండన్‌లో ఉరి తీశారు. 1701 మే 23న థేమ్స్ ఒడ్డున వాపింగ్ దగ్గర జరిగిన ఆ ఉరి గురించి కావలసినన్ని రికార్డులున్నాయి.

మరి నిజంగా ఇక్కడ బతికి, ఇక్కడే చనిపోయిన దొంగలు ఏమయ్యారు? దీనికి జవాబు కొంత దొరుకుతుంది. అయితే రాళ్ల మీద కాదు, కాగితాల మీద. ఆ కాగితాలు చదివితే ఒక విషయం తెలుస్తుంది. దొంగ ఎంత పేరున్నవాడు, ఎన్ని ఓడలు దోచాడు అన్నది అతని అంత్యక్రియలను నిర్ణయించలేదు. పోయే రోజుకు ఎవరి ఊళ్లో ఉన్నాడు, ఆ ఊరు అతన్ని ఏమని లెక్కించింది అన్నదే నిర్ణయించింది.

నేల దక్కని చావులు

ముందుగా మామూలు పరిస్థితి చూడాలి. సముద్రం మీద పోయిన నావికుడికి, దొంగయినా కాకపోయినా, నేల దక్కదు. అతను పడుకునే గుడ్డ ఉయ్యాలలోనే శవాన్ని పెట్టి కుట్టేసి, మునగడానికి కాళ్ల దగ్గర ఫిరంగి గుండ్లు కట్టి నీళ్లలోకి వదిలేవారు. 1722లో పశ్చిమ ఆఫ్రికా తీరంలో బ్రిటిష్ యుద్ధనౌకతో పోరులో పోయిన బార్తలమ్యూ రాబర్ట్స్ అనే దొంగ కెప్టెన్‌ను, అతను ముందే చెప్పి ఉంచిన ప్రకారం, అతని మనుషులు ఒంటి మీది దుస్తులు, నగలతో సహా సముద్రంలో వేసేశారు. శత్రువు చేతికి శవం చిక్కకూడదని అతని కోరిక.

ఆ భయం అర్థం లేనిది కాదు. దొంగ శవం ప్రభుత్వానికి పనికొచ్చే వస్తువు. ఇంగ్లండులో సముద్ర నేరాల మీద అధికారం అడ్మిరల్టీ కోర్టుది, ఆ కోర్టు అధికారం నీళ్ల దగ్గర మొదలవుతుంది. అందుకే ఉరికంబాన్ని పోటు నీళ్లు ముంచే చోట, పాటు సమయంలో బయటపడే బురదలో పాతేవారు. ఉరి తీశాక మూడు పోట్లు శవాన్ని ముంచిపోయేదాకా అలాగే వదిలేయడం ఆనవాయితీ. కిడ్ ఉరిలో మొదటిసారి తాడు తెగిపోతే రెండోసారి ఎక్కించారు. తర్వాత శవానికి తారు పూసి, ఇనుప చట్రంలో బిగించి, లండన్‌కు వచ్చే పోయే ఓడలన్నిటికీ కనిపించేలా థేమ్స్ ముఖం దగ్గర టిల్బరీలో వేలాడదీశారు. అది ఏళ్ల తరబడి అక్కడే ఉంది. పాతిపెట్టకపోవడం కూడా ఆ శిక్షలో భాగమే. ఆ కాలపు క్రైస్తవుడికి పవిత్ర భూమిలో చోటు లేకపోవడమంటే చావు తర్వాత కూడా ఊరి నుంచి వెలివేయడం.

కాబట్టి దొంగకు నేలలో సమాధి దొరికిందంటే అతను దోపిడీ మానేశాడనో, కనీసం ఒకచోట స్థిరపడ్డాడనో అర్థం. స్థిరపడే చోటు ఆ రోజుల్లో మడగాస్కర్, దాని చుట్టుపక్కల దీవులు.

రమ్ము, విత్తనాలు, రెండు బైబిళ్లు

ఆడం బాల్డ్రిడ్జ్ అనే మాజీ దొంగ 1690 ప్రాంతంలో సాంత్ మారీలో దిగి, అఖాతానికి కాపలాగా చిన్న కోట కట్టుకుని, వచ్చే పోయే దొంగ ఓడలకు సరుకు అమ్మే దుకాణం తెరిచాడు. సరుకు పంపేది న్యూయార్క్‌లోని పెద్ద వ్యాపారి ఫ్రెడరిక్ ఫిలిప్స్. తర్వాత బాల్డ్రిడ్జ్ అధికారులకు ఇచ్చిన వాంగ్మూలంలో 1693లో వచ్చిన ఒక ఓడ సరుకు జాబితా ఉంది. బూట్లు, మేజోళ్లు, చొక్కాలు, టోపీలు, వడ్రంగి పనిముట్లు, రమ్ము పీపాలు, మదీరా వైన్, ఫిరంగి మందు ఉన్నాయి. వాటి మధ్యలో తోట విత్తనాలు, గొడ్డపారలు, పిల్లలకు అక్షరాలు నేర్పే పుస్తకాలు, రెండు బైబిళ్లు ఉన్నాయి. బదులుగా అతను పంపింది 1100 వెండి నాణేలు, 34 మంది బానిసలు, కొన్ని పశువులు, ఇనుప కడ్డీలు.

అంత్యక్రియల గురించి ఆలోచించేవాళ్లు ఈ జాబితా మీద కాసేపు ఆగాలి. ఓడ మీదే బతికేవాడికి గొడ్డపారతో పనేముంది? విత్తనాలు వేసేవాడు పంట దాకా ఉంటాడు. అక్షరాల పుస్తకం కొనేవాడి ఇంట్లో పిల్లలుంటారు. ప్రార్థన చదవడానికి పుస్తకం ఉన్న ఊళ్లో శవాన్ని ఊరికే గోతిలో వేసేయరు. ఊరు అనిపించుకోవడానికి కావలసినవన్నీ ఆ ఓడలో వచ్చాయి, 34 మంది మనుషుల్ని కూడా ధరగా కట్టి.

చావులు కూడా ఎక్కువే. కత్తి పోట్లకంటే మలేరియా, రక్త విరేచనాలు తీసుకెళ్లినవాళ్లే చాలామంది. 1697లో కిడ్ తన ఓడ అడుగు శుభ్రం చేయించడానికి కొమొరో దీవుల్లోని మొహేలీలో ఆగినప్పుడు వారం రోజుల్లో దాదాపు 50 మంది నావికులు పోయారని అతనే చెప్పుకున్నాడు. అది ఓడ సిబ్బందిలో మూడో వంతు. అన్ని శవాలను కొన్నాళ్లకే వదిలిపోయే ఊళ్లో ఎలా సాగనంపారో ఎవరూ రాయలేదు. రాసేంత తీరిక ఎవరికీ ఉండి ఉండదు.

చావు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ముందుగా ఏర్పాటు చేసుకునేది ఆస్తి గురించే. 1699లో మడగాస్కర్ దక్షిణ కొసన ఇద్దరు నావికులు రాసుకున్న ఒక ఒప్పందం దొరికింది. ఇద్దరిలో ఎవరికి ఏమైనా అయితే అతని బంగారం, వెండి, మిగతా వస్తువులు రెండోవాడికి చెందాలని అందులో ఉంది. ఇంట్లోవాళ్లు పది వేల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు పక్క ఉయ్యాలలో పడుకునేవాడే వారసుడు. కళ్లు మూసేది అతనే, గొయ్యి తవ్వేది కూడా అతనే.

హాల్సీకి 46 గుళ్లు

దొంగల అంత్యక్రియల్లో ఇంత వివరంగా రాసి ఉన్నవి మరొకటి దొరకడం కష్టం. బోస్టన్‌కు చెందిన జాన్ హాల్సీ అనే కెప్టెన్ 18వ శతాబ్దం తొలి ఏళ్లలో మడగాస్కర్ తూర్పు తీరంలో అంబోనవోలా అనే చోట జ్వరంతో పోయాడు. 1728లో లండన్‌లో అచ్చయిన సముద్రపు దొంగల చరిత్ర రెండో సంపుటిలో అతని అంత్యక్రియలు ఇలా ఉన్నాయి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రార్థనలు చదివారు. జెండాలు ఎగరేశారు. శవపేటిక మీద ఓడ జెండా కప్పి, దాని మీద అతని కత్తి, పిస్తోలు పెట్టారు. అతని వయసెంతో అన్ని, అంటే 46 సార్లు నిమిషానికొకటి చొప్పున ఫిరంగి పేల్చారు. తర్వాత తుపాకులతో ఇంగ్లిష్ పద్ధతిలో మూడు విడతలు, ఫ్రెంచి పద్ధతిలో ఒక విడత కాల్చారు. సమాధి పుచ్చకాయల తోటలో తవ్వారు. అడవి పందులు తవ్వేయకుండా చుట్టూ కర్రలతో కంచె కట్టారు.

ఇందులో దొంగల సొంత ఆచారం అంటూ ఏదీ లేదు. శవపేటిక మీద కత్తి, ఓడ జెండా, నిమిషానికో ఫిరంగి మోత, ఆఖర్న తుపాకుల వందనం అన్నీ నౌకాదళం తన అధికారులకు ఇచ్చే గౌరవాలే. హాల్సీ కూడా శత్రు దేశపు ఓడల్ని పట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి పత్రం తీసుకుని బయల్దేరిన మనిషి, తర్వాత దారి మళ్లాడు. ఏ రాజ్యపు చట్టాన్ని వీళ్లు కాలదన్నారో, అదే రాజ్యపు చర్చి ప్రార్థనలతో, అదే నౌకాదళపు లాంఛనాలతో తమ కెప్టెన్‌ను సాగనంపారు. దీన్ని నటన అనుకోనక్కర్లేదు. మనిషిని గౌరవంగా సాగనంపడానికి వాళ్లకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కెప్టెన్‌ను ఎన్నుకోవడానికి కొత్త రకం ఓటింగు, దోచింది పంచుకోవడానికి కొత్త రకం వాటాలు కనిపెట్టిన వాళ్లు చావు దగ్గరికొచ్చేసరికి అమ్మానాన్నల దగ్గర చూసిందే చేశారు.

ఫ్రెంచి విడత ఆ ఊరి జనాభా లెక్క చెబుతుంది. అప్పట్లో ఐరోపాలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ఇక్కడ రెండు జాతుల నావికులు ఒకే గొయ్యి చుట్టూ నిలబడి ఎవరి పద్ధతిలో వాళ్లు తుపాకులు కాల్చారు. ఖర్చు సంగతి కూడా గమనించాలి. ఎప్పుడో ఒక ఓడలో వచ్చే ఫిరంగి మందును 46 సార్లు గాలిలో పేల్చడం తేలిక విషయం కాదు.

ఇక పుచ్చతోట. చర్చి లేదు, శ్మశానం లేదు, పాస్టరు లేడు. ఉన్నది ఎవరో విత్తనాలు వేసి, కంచె కట్టి కాపాడుకుంటున్న తోట. ఊళ్లో రోజూ మనుషులు తిరిగే, పందుల్ని తరిమే చోటు అదే. శవాన్ని నిజంగా కాపాడాలంటే అంతకన్నా మంచి స్థలం దొరకదు. రాయి పెట్టారని మాత్రం ఎక్కడా లేదు. కర్ర కంచె ఆ వానల్లో ఎన్నేళ్లు నిలుస్తుంది?

ఈ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలన్న అనుమానం న్యాయమైనదే. అదే సంపుటిలో లిబర్టాలియా అనే దొంగల ఆదర్శ రాజ్యం కథ ఉంది, దాన్ని చరిత్రకారులు కల్పనగానే చూస్తారు. కానీ కల్పించేవాడు నిధులు, శాపాలు, ప్రమాణాలు కల్పిస్తాడు. పందుల కోసం కంచె కట్టారని, అది పుచ్చతోట అని కల్పించడానికి కారణం కనిపించదు. ఆ వివరాలు మడగాస్కర్ నుంచి తిరిగొచ్చిన ఎవరో నావికుడు చెప్పినవిగానే అనిపిస్తాయి.

అదే తీరంలో స్థిరపడ్డ థామస్ వైట్ అనే కెప్టెన్ మాట కూడా ఆ పుస్తకంలో ఉంది. విరేచనాలతో మంచాన పడ్డాక అతను వీలునామా రాశాడు. స్థానిక స్త్రీ వల్ల కలిగిన కొడుక్కి మూడు వేర్వేరు జాతుల మనుషుల్ని సంరక్షకులుగా పెట్టాడు. ముగ్గురూ ఒకే దేశంవాళ్లయితే కుమ్మక్కై డబ్బు కాజేస్తారని అతనికి తెలిసే ఉండాలి. జీవితమంతా అలాంటివాళ్లతోనే గడిపాడు మరి. మొదట వచ్చే ఇంగ్లిష్ ఓడలో పిల్లవాణ్ని, డబ్బును ఇంగ్లండుకు పంపాలని, వాణ్ని క్రైస్తవుడిగా పెంచాలని, తండ్రికంటే మంచివాడు కావాలని కోరాడు. అంత్యక్రియలు హాల్సీకి చేసినట్టే చేశారు. కొన్నేళ్లకు ఓడ వచ్చినప్పుడు సంరక్షకులు మాట తప్పకుండా పిల్లవాణ్ని ఎక్కించారట.

బాట కింద బోవెన్

హాల్సీ కాలంలోనే జాన్ బోవెన్ అనే మరో కెప్టెన్ వేరే దారి పట్టాడు. మడగాస్కర్‌కు తూర్పున ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పాలనలో బూర్బోన్ దీవి ఉండేది, ఇప్పటి రీయూనియన్ అదే. జనాభా తక్కువ, డబ్బు అవసరం ఎక్కువ కావడంతో సంపాదనతో వచ్చి బుద్ధిగా ఉంటామనే దొంగలను అక్కడి అధికారులు రానిచ్చేవారు. తర్వాత 1720 ప్రాంతంలో ఏకంగా ఒక ఓడ సిబ్బందికి క్షమాభిక్ష పెట్టి దింపుకున్నారు కూడా. బోవెన్ అంతకు ముందే, 1704 ప్రాంతంలో దోపిడీ చాలించి ఈ దీవికి చేరాడు. ఆరు నెలలు తిరక్కుండానే కడుపు జబ్బుతో పోయాడు.

హాల్సీ పోయిన చోట లేనివన్నీ ఇక్కడున్నాయి. చర్చి ఉంది, కేథలిక్ పూజారులున్నారు, పవిత్రం చేసిన శ్మశానం ఉంది. సరిగ్గా అందుకే బోవెన్‌కు చోటు దొరకలేదు. అతను ప్రొటెస్టెంటు, అంటే వాళ్ల లెక్కలో మతభ్రష్టుడు. పూజారులు ఒప్పుకోకపోవడంతో అతన్ని నడిచే బాటలో పాతిపెట్టారు.

ఇక్కడ అడ్డొచ్చింది దొంగతనం కాదు. దొంగ సొమ్ముతో వచ్చిన కేథలిక్‌కు ఆ దీవిలో పొలం దొరికింది, పెళ్లి సంబంధం దొరికింది, చివరికి శ్మశానంలో ఆరడుగులూ దొరికాయి. అలా స్థిరపడి తోటలు పెట్టుకున్న మాజీ దొంగల వంశాలు రీయూనియన్ కుటుంబ చరిత్రల్లో కనిపిస్తాయి. బోవెన్ డబ్బు తీసుకోవడానికి అభ్యంతరం లేని ఊరు అతని శవాన్ని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. బతికుండగా మనిషిని సగం చేర్చుకోవచ్చు. చచ్చాక చేర్చుకోవడమా మానడమా రెండే దారులు, సమాధి తవ్వే రోజున ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

మలగాసీ ఊళ్లలో

ఇంతవరకు చెప్పినవన్నీ తెల్ల నావికులు తమ వాళ్ల గురించి చెప్పుకున్న విషయాలు. కానీ సాంత్ మారీ, దాని ఎదుటి తీరం ఖాళీ నేల కాదు. దొంగలు అక్కడి స్త్రీలను పెళ్లాడారు, అక్కడి తగాదాల్లో ఏదో ఒక పక్షాన తుపాకులు పట్టారు, అక్కడి మనుషుల్నే కొని అమ్మారు.

మలగాసీ జనానికి పూర్వీకులంటే కేవలం జ్ఞాపకం కాదు. బతికున్నవాళ్ల మంచి చెడ్డల్లో వాళ్లకు వాటా ఉంటుందని నమ్మకం. ఎద్దును బలిచ్చి, రమ్ము పోసి వాళ్లను పిలుస్తారు. ఏ పని చేయకూడదో చెప్పే నిషేధాలు వంశం వంశానికీ పూర్వీకుల నుంచే వస్తాయి. మనిషి ఎవరంటే అతను చేరబోయే సమాధిని బట్టి చెప్పే సమాజం అది. తన వాళ్ల సమాధికి దూరంగా, శవం దొరక్కుండా పోవడం అక్కడ పెద్ద దురదృష్టం. అలా పోయినవాళ్ల కోసం ఊరి దగ్గర రాయి నిలబెట్టే ఆచారం కూడా ఉంది. ఈ కొలతతో చూస్తే వచ్చిన తెల్లవాడికి ఆ నేల మీద ఏమీ లేదు. తాతల సమాధి లేదు కాబట్టి ఊళ్లో ఉన్నా ఊరివాడు కాడు. అతను ఊరివాడయ్యే దారి పిల్లల ద్వారానే. పిల్లలు తల్లి వైపు ఊరివాళ్లే కాబట్టి, వాళ్లు తలుచుకునే తండ్రి మెల్లగా పూర్వీకుడవుతాడు.

ఇది ఊహ మాత్రమే అనడానికి లేదు. ఇంగ్లిష్ దొంగకు, స్థానిక నాయకుడి కూతురికి పుట్టిన రత్సిమిలాహో 18వ శతాబ్దం మొదట్లో తూర్పు తీరపు తెగల్ని కూడగట్టి బెత్సిమిసరాకా సమాఖ్యను నిలబెట్టాడు. అతని తండ్రి ఎవరన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు, 'టామ్' అనే పేరే మిగిలింది. దొంగల సంతతిని మలాటాలు అని వేరుగా పిలిచేవారు, తరాలపాటు ఆ తీరంలో పెత్తనం వాళ్లదే. 1750లో సాంత్ మారీని ఫ్రాన్స్‌కు రాసిచ్చిన బెతీ ఈ రత్సిమిలాహో కూతురు. ఒక దొంగ మనవరాలు ఒక దీవిని ఒక రాజ్యానికి దఖలు పరిచింది. ఆ దొంగ సమాధి మాత్రం ఎక్కడుందో చూపించే రాయి లేదు.

చేర్చుకోని సందర్భం కూడా ఉంది. 1697లో బాల్డ్రిడ్జ్ దీవి విడిచి వెళ్లగానే జనం తిరగబడి అక్కడున్న తెల్లవాళ్లలో దాదాపు 30 మందిని చంపేశారు. బాల్డ్రిడ్జ్ స్థానికుల్ని నమ్మించి ఓడ ఎక్కించి పక్క దీవుల్లో బానిసలుగా అమ్మాడని కిడ్ చెప్పాడు. చనిపోయిన ఆ 30 మందికి ప్రార్థనలు చదివింది ఎవరు, గోతులు తవ్వింది ఎవరు అన్న మాట ఏ వాంగ్మూలంలోనూ లేదు. హాల్సీ ఊరికీ వీళ్ల ఊరికీ పెద్ద దూరం లేదు. తేడా అంతా ఆ ఊరితో ఎలా మెలిగారన్న దగ్గరే ఉంది.

పుర్రె గుర్తు ఎవరిది?

మళ్లీ 1834 నాటి రాయి దగ్గరికి వద్దాం. పుర్రె, ఎముకలు కనిపించగానే దొంగ అనుకోవడం ఇప్పటి అలవాటు. 17, 18 శతాబ్దాల్లో స్కాట్లండులో, బోస్టన్ చుట్టుపక్కల, ఐరోపా చర్చి ఆవరణల్లో పుర్రె గుర్తు ఉన్న సమాధి రాళ్లు కొల్లలు. వాటి కింద ఉన్నవాళ్లు వ్యాపారులు, పాస్టర్లు, గృహిణులు. ఏదో ఒక రోజు నువ్వూ ఇంతే అని చూసేవాడికి గుర్తు చేయడం దాని పని. దొంగలు ఆ గుర్తును శ్మశానం నుంచే తీసుకుని జెండా మీదికి ఎక్కించారు. 1700లో ఒక ఇంగ్లిష్ యుద్ధనౌక కేప్ వెర్డీ దీవుల దగ్గర తరిమిన ఫ్రెంచి దొంగ ఎమాన్యుయెల్ విన్ జెండా మీద పుర్రె, ఎముకలతోపాటు ఇసుక గడియారం కూడా ఉంది. అది కూడా సమాధి రాళ్ల మీది బొమ్మే. జెండా కథల్లోకెక్కి ఎంత పేరు తెచ్చుకుందంటే, ఇప్పుడు శ్మశానంలోని పుర్రెను చూసి జెండాను గుర్తు చేసుకుంటున్నాం.

రీయూనియన్‌లో ఇదే పొరపాటు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. లా బ్యూజ్ అనే మారుపేరుతో తిరిగిన ఒలివియే లెవసర్, తోటి దొంగ టేలర్‌తో కలిసి 1721 ఏప్రిల్‌లో సేంట్ డెనీ రేవులో గాలివానకు దెబ్బతిని ఆగిన పోర్చుగీసు ఓడ నోసా సెన్యోరా దు కాబును పట్టుకున్నాడు. గోవా వైస్రాయి అందులోనే స్వదేశానికి వెళ్తున్నాడు. ఓడ నిండా వజ్రాలు. బ్రెజిల్ గనులు ఇంకా మార్కెట్లోకి రాని రోజులవి, ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా ఇండియా నుంచే వెళ్లేవి, వాటిలో ముఖ్యమైన గనులు కృష్ణా తీరంలో గోల్కొండ సీమలో ఉండేవి. కాబట్టి లా బ్యూజ్ నిధి అని ఇప్పటికీ వెతుకుతున్నదాంట్లో కొంత కొల్లూరు వైపు మట్టిలోంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

లా బ్యూజ్‌ను 1730 జూలై 7న సేంట్ పాల్‌లో ఉరి తీశారు. సేంట్ పాల్ సముద్రపు ఒడ్డు శ్మశానంలో పుర్రె చెక్కిన రాతి శిలువతో ఉన్న సమాధిని అతనిదని చూపిస్తారు. ఆ శ్మశానం తెరిచింది 1788లో. ఉరి తీసిన 58 ఏళ్లకు పుట్టిన శ్మశానంలోకి అతను ఎలా వచ్చాడన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. 1944లో గాలివాన తర్వాత బయటపడ్డ రాయిని ఇక్కడ నిలబెట్టారని చెబుతారు. రాయి ఎవరిదైనా, దాని దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. రమ్ము సీసాలు, పూలు, సిగరెట్లు పెట్టి వెళ్తారు. కొందరు సరదాకు, కొందరు నిజంగానే పని కావాలని. అదే దీవిలో 1911లో మరణశిక్ష పడ్డ సితరాన్ అనే హంతకుడి సమాధికీ ఇలాంటి మొక్కులే వస్తాయి. చెడ్డ చావు చచ్చినవాడికి శక్తి ఎక్కువన్న నమ్మకం మన ఊళ్లవాళ్లకు కొత్త కాదు. ఈ దీవిలోకి ఆఫ్రికా, మలగాసీ, భారతీయ నమ్మకాలన్నీ వచ్చి చేరాయి. 1828 ప్రాంతంలో చెరకు తోటల పనికి వచ్చిన మొదటి భారతీయ కూలీల్లో యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లు ఉన్నారు.

అసలు సమాధులు దొరుకుతాయా

దొరకడం కష్టమే. తూర్పు మడగాస్కర్‌లో ఏడాది పొడవునా వానలు. పేటికలు చెక్కవి, గుర్తులు కర్రవి, ఆ నేలలో ఎముకలు కూడా ఎక్కువ కాలం నిలవవు. రాయి చెక్కేవాడు దొంగల ఓడల్లో ఉండేవాడు కాదు, ఉండేది వడ్రంగి. పైగా దొరికిన ఎముకలు దొంగవని చెప్పడం ఎలా? దొంగకు, మామూలు నావికుడికి ఎముకల్లో తేడా ఉండదు. పేటికలో కత్తి, పిస్తోలు దొరుకుతాయని ఆశపడనక్కర్లేదు. హాల్సీ పేటిక మీద వాటిని పెట్టారన్నదే తెలుసు. కప్పిన జెండాలాగా వాటిని కూడా తీసేసుకుని ఉండాలి, ఆ ఊళ్లో మంచి పిస్తోలు మట్టిపాలు చేసేంత పుష్కలంగా లేవు.

వెతుకులాట మాత్రం ఎక్కువగా సమాధుల వైపు కాకుండా నీళ్ల అడుగున ఉన్న ఓడల వైపు సాగింది. కిడ్ ఓడ అడ్వెంచర్ గ్యాలీ 1698లో సాంత్ మారీ దగ్గరే పాడుబడి మునిగింది. 2015 మేలో ఒక అమెరికన్ అన్వేషకుడి బృందం ఆ అఖాతంలోంచి దాదాపు 50 కిలోల లోహపు దిమ్మెను పైకి తీసి, కిడ్ దాచిన వెండి అని కెమెరాల ముందు ప్రకటించింది. ఆ జూలైకల్లా యునెస్కో నిపుణులు వచ్చి చూసి అందులో 95 శాతం సీసమేనని, ఓడ శిథిలాలు అనుకున్నవాటిలో ఒకటి పాత రేవు కట్టడపు రాళ్లని తేల్చారు. ఫ్రెంచి వలసదారుల శ్మశానానికి దొంగల పేరు పడ్డట్టే రేవు రాళ్లకు కిడ్ పేరు పడింది. పుచ్చతోట ఏ గుట్ట వాలులో ఉండేదో, బూర్బోన్‌లో ఏ బాట తవ్వి బోవెన్‌ను పెట్టారో వెతకడానికి మాత్రం ఏ టీవీ బృందమూ ఇంతవరకు బయల్దేరినట్టు లేదు.